భోగి మంట, బే ఏరియా గాలి: అపోహలు - వాస్తవాలు

జనవరి మొదటి వారం వస్తే చాలు, నా ఫోన్‌కి ఒకే ప్రశ్న పదిమంది నుంచి వస్తుంది: "అన్నా, ఈసారి బ్యాక్‌యార్డ్‌లో భోగి మంట వేసుకోవచ్చా?" అమెరికాలోని కాలిఫోర్నియాలో, శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో గాలిలోని పొగ, ధూళి కొలిచే ఇంజనీరుని నేను. 14 ఏళ్లుగా ఇదే పని. అవుననీ కాదనీ ముందే చెప్పలేను, అది ఆ రోజు గాలిని బట్టి ఉంటుంది. అందుకే మనవాళ్ల మధ్య తిరిగే మాటలు కొన్ని తీసుకుని వివరంగా రాస్తున్నాను.

అపోహ: నా ఇల్లు, నా కట్టెలు. నా ఫైర్‌ప్లేస్‌లో నేను కాల్చుకుంటే ఎవరికేంటి?

వాస్తవం: ఇక్కడి 9 కౌంటీలకు (మన జిల్లాల్లాంటివి) కలిపి ఎయిర్ డిస్ట్రిక్ట్ అని గాలి కాలుష్యాన్ని అదుపు చేసే ఒక ప్రభుత్వ సంస్థ ఉంది. కట్టెల పొగ మీద అది 2008లో నియమం తెచ్చింది. గాలిలో పీఎం 2.5 అనే సన్నటి ధూళి ఘనపు మీటరుకు 35 మైక్రోగ్రాములు దాటుతుందని అంచనా వేస్తే 'స్పేర్ ది ఎయిర్' అలర్ట్ ఇస్తారు. ఆ రోజంతా ఇంటి లోపలైనా బయటైనా కట్టెలు కాల్చకూడదు. పెల్లెట్లు (రంపపు పొట్టుతో చేసిన చిన్న గుళికలు), షాపులో దొరికే ఫైర్‌లాగ్‌లు (తయారుచేసిన కట్టెలు) కూడా అంతే. మొదటిసారి దొరికితే 100 డాలర్ల జరిమానా కట్టాలి, లేదా కట్టెల పొగ వల్ల జరిగే హాని మీద చిన్న కోర్సు చేయాలి. రెండోసారి 500. కరెంటు పోయినప్పుడు మినహాయింపు ఉంది. ఇల్లు వెచ్చబడటానికి కట్టెల పొయ్యి తప్ప వేరే దారే లేనివాళ్లకు కూడా ఉంది, కానీ ఆ పొయ్యి సర్టిఫై అయినదై ఉండాలి, డిస్ట్రిక్ట్ దగ్గర నమోదు చేయించుకోవాలి.

అపోహ: కాలుష్యమంతా కార్లదీ ఫ్యాక్టరీలదీ. ఒక్క ఇంటి పొగ ఎంత?

వాస్తవం: నాకు ఎక్కువ బాధ కలిగించే మాట ఇదే. చలికాలంలో బే ఏరియా గాలిలో ఉండే సన్నటి ధూళిలో దాదాపు మూడో వంతు కట్టెల పొగ నుంచే వస్తుంది. దానికి కారణం వాతావరణం. చలి రాత్రుల్లో నేల త్వరగా చల్లబడి, దాన్ని ఆనుకున్న గాలి కూడా చల్లబడుతుంది. దాని మీద వెచ్చటి గాలి కుండ మీద మూతలా కూర్చుంటుంది. గాలి కదలదు, పొగ పైకి పోదు. మీ చిమ్నీలోంచి వచ్చింది మీ వీధిలోనే తిరిగి, పక్కింటి కిటికీ సందుల్లోంచి లోపలికి వెళ్తుంది. ఆ కణాలు తల వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు ఉంటాయి. ముక్కు, గొంతు వాటిని ఆపలేవు, నేరుగా ఊపిరితిత్తుల లోతుకు పోతాయి. ఆస్తమా ఉన్న పిల్లవాడు రాత్రంతా కూర్చుని దగ్గుతుంటే ఆ తల్లికి ఎంత టెన్షనో నేను దగ్గర నుంచి చూశాను.

ఈ మూత బాగా బిగుసుకుని ఉండేది సరిగ్గా సూర్యోదయానికి ముందు. మనం భోగి మంట వేసే వేళ కూడా అదే. 2018 భోగి నాడు చెన్నైలో పొగ, మంచు కలిసిపోయి విమానాలను దారి మళ్లించాల్సి వచ్చింది.

అపోహ: బే ఏరియాలో భోగి మంట పూర్తిగా నిషేధం.

వాస్తవం: కాదు. అలర్ట్ లేని రోజున శుభ్రమైన ఎండు కట్టెలతో చిన్న మంట వేసుకోవచ్చు. అయితే అగ్నిమాపక నియమాలు వేరే ఉన్నాయి. కాలిఫోర్నియా ఫైర్ కోడ్ ప్రకారం నేల మీద వేసే సరదా మంటకు పేర్చిన కట్టెలు 3 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు మించకూడదు. ఏ కట్టడానికైనా 25 అడుగుల దూరం ఉండాలి. మన బ్యాక్‌యార్డుల్లో అంత జాగా ఉన్నవి తక్కువ, మీది ముందు టేపుతో కొలుచుకోండి. అంతకంటే పెద్ద మంటకు పర్మిట్ కావాలి. కొన్ని నగరాల్లో నియమాలు ఇంకా గట్టిగా ఉంటాయి, మీ ఫైర్ డిపార్ట్‌మెంట్‌కి ఒక ఫోన్ చేయండి.

అపోహ: భోగి అంటేనే పాత సామాను కాల్చడం కదా!

వాస్తవం: మా అమ్మమ్మ ఇంట్లో భోగికి పడ్డ పాత సామానంటే తాటాకు బుట్ట, విరిగిన మంచం కోడు. ఇక్కడ మన గరాజుల్లో ఉన్నవి పార్టికల్ బోర్డు (చెక్క పొట్టుని జిగురుతో అతికించిన పలక) బల్లలు, రంగు వేసిన కుర్చీలు. వాటిలోని జిగురు, రంగు కాలితే విషపు పొగ. అలర్ట్ ఉన్నా లేకపోయినా ఇవి కాల్చడం ఏడాది పొడవునా నిషేధమే. ప్లాస్టిక్, రబ్బరు, రంగుల కాగితాలు, పచ్చి కట్టెలు కూడా అంతే. కట్టెలో తేమ 20 శాతం దాటకూడదు. రాలిన ఆకులు కుప్ప చేసి తగలబెట్టడం అసలు కుదరదు.

అపోహ: ఈ అలర్ట్ నియమం చలికాలానికే కదా.

వాస్తవం: మొదట్లో అంతే. కార్చిచ్చుల పొగ చూశాక 2019లో ఏడాది పొడవునా వర్తించేలా మార్చారు.

గ్యాస్‌తో వెలిగే ఫైర్ పిట్‌కి ఈ అలర్ట్ వర్తించదు. మా ఇంట్లో భోగికి ముందు రోజు సాయంత్రమే అలర్ట్ ఉందా అని చూస్తాం. ఉంటే ప్రొపేన్ పిట్ వెలిగించి పిల్లల్ని చుట్టూ నిలబెడతాం. లేకపోతే బాగా ఎండిన నాలుగు కట్టెలు పేర్చి, ఎండ కాస్త ఎక్కి గాలి కదలడం మొదలయ్యాకే వెలిగిస్తాం. భోగిపళ్లు మాత్రం ఎప్పటిలాగే సాయంత్రం, పేరంటాళ్లందరి మధ్య.