కండలు తిరిగిన మనిషి బొమ్మ: అపోహలు – వాస్తవాలు

నేను ఒంగోలులో చిత్రలేఖనం నేర్పడం మొదలుపెట్టి పంతొమ్మిదేళ్లయింది. డ్రాయింగ్‌లో లోయర్, హయ్యర్ పరీక్షలకు కూర్చునే పిల్లలతోపాటు, ఈ మధ్య ఉద్యోగం ముగించుకొని సాయంత్రాలు వచ్చే పెద్దలూ ఎక్కువయ్యారు. కండలు తిరిగిన మనిషిని గీయాలన్న కోరిక అందరిలోనూ ఉంటుంది, దాంతోపాటు ఒకే పొరపాటూ ఉంటుంది. పోయిన నెల ఒక అబ్బాయి నాలుగు నెలలపాటు గీసిన పుస్తకం తెచ్చి చూపించాడు. ప్రతి పేజీలోనూ ఆరు పలకల పొట్ట, ఒక్కో పలక చుట్టూ దట్టమైన నల్లగీత ఉన్నాయి కానీ ఒక్క బొమ్మకూ కాళ్లు లేవు. "కాళ్ల దాకా వచ్చేసరికి మనిషి పడిపోతున్నట్టు ఉంటున్నాడు సార్, అందుకే అక్కడ ఆపేస్తున్నాను" అన్నాడు. ఆ బిడ్డ శ్రమలో ఏ లోటూ లేదు. అతని నాలుగు నెలలనూ మింగేసింది ఎవరో చెప్పగా విని నమ్మిన మాట.

అపోహ: ఎన్ని కండలు గీస్తే బొమ్మ అంత బలంగా కనబడుతుంది.

వాస్తవం: బొమ్మలో బలం మనిషి నిలబడిన తీరులో కనబడుతుంది. కండరం లాగగలదే తప్ప నెట్టలేదు, అందువల్ల అవి జతలుగా పనిచేస్తాయి. మోచేయి మడిచినప్పుడు ముందువైపు బైసెప్స్ కుంచించుకొని ఉబ్బుతుంది, వెనుకవైపు ట్రైసెప్స్ సాగుతుంది. చేయి చాపి గోడను నెట్టినప్పుడు ట్రైసెప్స్ బిగుస్తుంది, బైసెప్స్ వదులవుతుంది. పోటీ వేదిక మీద బాడీబిల్డర్ కావాలనే ఒళ్లంతా బిగించి నిలబడతాడు కనుక అతనిలో అన్నీ ఒకేసారి ఉబ్బి కనబడతాయి. ఆ ఫొటో చూసి గీసిన చేతులను పరుగెత్తే మనిషికో బరువెత్తే మనిషికో అతికిస్తే, చేతులు ఒక పని, ఒళ్లు ఇంకొక పని చేస్తున్నట్టు ఉంటుంది. మనసు పెట్టి గీసిన బొమ్మ కూడా కర్రలా బిగుసుకుపోవడానికి కారణం ఇదే.

కాబట్టి ముందుగా మెడ నుండి బరువు మోసే పాదం దాకా ఒకే గీత లాగాలి. దాని మీద తల, పక్కటెముకల గూడు, కటి (తుంటి భాగం) అనే మూడు ముద్దలను ఉంచాలి. మనిషి ఒంటికాలి మీద బరువు వేసినప్పుడు ఆ వైపు కటి పైకి లేస్తుంది, అదే వైపు భుజం కిందికి దిగుతుంది. ఈ వాలు కుదిరితే కండ ఒక్కటీ లేకపోయినా మనిషి నిలబడతాడు. ఆ తరువాత కాలర్ ఎముక, మోచేయి, మోకాలిచిప్ప, చీలమండ వంటి చర్మానికి దగ్గరగా ఉండే ఎముకలను గుర్తించాలి. కండలు చివర వస్తాయి, అప్పుడు కూడా ఏది ఎక్కడ పుట్టి ఎక్కడ అతుక్కుందో తెలుసుకొని గీయాలి. ఛాతీ కండ ఛాతీ మీదే ఆగిపోదు, భుజపు కండ కిందికి దూరి దండచేతి ఎముకకు అతుక్కుంటుంది. అందుకే చేయి పైకెత్తితే ఛాతీ కండ సాగి చదునవుతుంది. దాన్ని రెండు పలకల్లా గీసేవారు చేయి ఎత్తిన బొమ్మ దగ్గర తికమకపడతారు.

కండరాల పేర్లన్నీ ముందే కంఠతా పట్టాలని చాలామంది భయపడతారు. నేను పట్టాను. శరీరంలో ఆరు వందలకు పైగా కండరాలున్నాయి, పైకి కనిపించి బొమ్మకు అక్కరకొచ్చేవి ఓ పాతిక గుంపులు. పేర్లన్నీ వచ్చిన రోజుల్లోనే ఒక వేకువజామున కొత్తపట్నం సముద్రపు ఒడ్డున అలివి వలను (ఒడ్డు మీద నిలబడి తాళ్లతో లాగే పెద్ద వల) లాగుతున్న జాలర్లను గీయబోయాను. చేతుల నుండి మొదలుపెట్టాను, ఒక్క బొమ్మా కుదరలేదు. కాసేపు పెన్సిలు పక్కన పెట్టి చూశాను. ఎవరి మోచేయీ మడవలేదు. చేతులు కూడా తాడు మాదిరిగానే నిటారుగా చాచి ఉన్నాయి. మడమలు ఇసుకలో దిగబడి, ఒళ్లు వెనక్కి వాలి, బరువంతా తొడలూ నడుమూ లాగుతున్నాయి. అందరికంటే ముందున్న పెద్దాయన బక్కపలచని మనిషి. ఆయన మోకాలి వెనుక నరాల్లాంటివి రెండు తీగల్లా బిగిశాయి, అవి కండను ఎముకకు కట్టే స్నాయువులని నాకు తెలుసు, కానీ అవి బరువును ఎలా మోస్తాయో ఆ రోజే చూశాను. ఆ వాలును ఒక్క గీతలో పట్టిన తరువాతనే నా బొమ్మలో తాడు బిగిసింది.

మిగిలిన వదంతుల సంగతి క్లుప్తంగా చెబుతాను. మనిషి ఎత్తు ఎనిమిది తలలే, అంటే తల పొడవుకు ఎనిమిది రెట్లే, ఉండాలన్నది నిజం కాదు. సాధారణంగా ఏడున్నర ఉంటుంది, వీరుల బొమ్మలకు ఎనిమిదో అంతకు మించో వాడతారు. ఆడవారికి కండరాలు వేరుగా ఉంటాయనడం తప్పు, కండరాలు అవే, కొవ్వు పొర, కటి వెడల్పు మారుతాయి. ఖరీదైన పెన్సిలుతో పని లేదు. ముప్ఫై దాటాక చేయి తిరగదని కుమిలిపోయే వారికి నేను చెప్పేది ఒకటే: నా దగ్గర చక్కగా గీస్తున్న వారిలో నలభై దాటాక మొదలుపెట్టినవారు ఉన్నారు.

నిన్న సాయంత్రం ఆ అబ్బాయి చేత కండలు లేని బొమ్మలు ముప్ఫై వేయించాను, ఒక్కోదానికి రెండు నిమిషాలు. పదిహేడో బొమ్మలో మొదటిసారి రెండు పాదాలూ నేలకు ఆనాయి. అతను కాసేపు దాన్నే చూస్తూ కూర్చుని, పద్దెనిమిదో బొమ్మను పాదాల నుండి మొదలుపెట్టాడు.