నడపడం కారుది, కాపలా మనది

సెల్ఫ్ డ్రైవింగ్ సాఫ్ట్‌వేర్ ఉన్న కార్లు వాడినవాళ్ల అనుభవాలు వింటే ఒక వరస కనిపిస్తుంది. మొదట్లో అందరికీ టెన్షనే. స్టీరింగ్ తనంతట తాను తిరుగుతుంటే చేతులు దాని దగ్గరే ఉంచి, కాలు బ్రేకు మీద పెట్టి, ఒళ్లంతా కళ్లు చేసుకుని కూర్చుంటారు. పక్క లేన్‌లో లారీ కాస్త దగ్గరికి వస్తే చాలు, స్టీరింగ్ తామే అందుకుంటారు. కొన్నాళ్లకు బిగుసుకుపోయిన భుజాలు సడలుతాయి. ‘పర్లేదు, నాకంటే బాగానే నడుపుతోంది’ అనిపిస్తుంది. తర్వాత ఎప్పుడో ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. ఒక్క క్షణం చూసి తలెత్తేసరికి కారు దాని లేన్‌లోనే బుద్ధిగా పోతూ ఉంటుంది. ఏమీ కాలేదు. రెండోసారి ఫోన్ చూడటానికి అంత భయం ఉండదు.

నేను చెప్పాలనుకున్నది ఈ మార్పు గురించే. సాఫ్ట్‌వేర్ మాటిమాటికీ తప్పు చేస్తున్నంత కాలం మనిషి ఒళ్లు దగ్గర పెట్టుకునే ఉంటాడు. తప్పులు బాగా తగ్గి, పూర్తిగా పోకుండా మిగిలినప్పుడే అసలు చిక్కు మొదలవుతుంది.

ఇవాళ జనం కొనుక్కునే కార్లలో ఉన్న సెల్ఫ్ డ్రైవింగ్ దాదాపు అంతా ఎస్‌ఏఈ అనే ఇంజినీర్ల సంస్థ లెక్కలో రెండో స్థాయికి చెందినది. సున్నా నుంచి ఐదు దాకా ఉండే ఆ లెక్కలో రెండో స్థాయి అంటే స్టీరింగ్, వేగం, బ్రేకు కారే చూసుకుంటుంది, కానీ రోడ్డు మీద కన్నేసి ఉంచాల్సింది, ఏదైనా జరిగితే జవాబు చెప్పాల్సింది డ్రైవరే. టెస్లా కంపెనీ ‘ఫుల్ సెల్ఫ్ డ్రైవింగ్’ కూడా ఇందులోకే వస్తుంది. 2024లో ఆ పేరు చివర ‘సూపర్‌వైజ్డ్’ అని చేర్చారు. ఆ మాట మొదటినుంచీ ఉండాల్సింది. స్టీరింగ్ ముందు ఎవరూ లేకుండా తిరిగే వేమో కంపెనీ ట్యాక్సీలు నాలుగో స్థాయివి. అందులో కూర్చున్న మనిషి ప్రయాణికుడు, కాపలాదారు కాదు. అందుకే వాటి సంగతి వేరు.

కాపలా ఎంత కష్టమో శాస్త్రవేత్తలకు కార్ల వల్ల తెలియలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో శత్రు జలాంతర్గాముల కోసం గంటల తరబడి రాడార్ తెర చూసే బ్రిటిష్ వైమానిక దళ సిబ్బంది, కొంతసేపయ్యాక తెర మీద గుర్తులు కనబడుతున్నా పట్టుకోలేకపోయేవాళ్లు. ఎందుకని తెలుసుకోవడానికి నార్మన్ మాక్‌వర్త్ ఒక పరీక్ష తయారుచేశాడు. గడియారంలాంటి పలక మీద ముల్లు ఒక్కో గంతు వేస్తూ తిరుగుతుంది. ఎప్పుడో ఒకసారి రెండు గంతుల దూరం ఒకేసారి దూకుతుంది. అది చూసినప్పుడు బటన్ నొక్కాలి, అంతే పని. 1948లో అచ్చయిన ఆ ఫలితాల ప్రకారం, మొదటి అరగంటలోనే జనం ఆ దూకుళ్లను వదిలేయడం పెరిగిపోయింది. వాళ్లు సోమరులు కారు, శిక్షణ లేనివాళ్లూ కారు. దొంగలు ఎన్నడూ రాని వీధిలో కాపలావాడికి కునుకు పట్టడం ఎంత సహజమో ఇదీ అంతే. ఏమీ జరగనప్పుడు శ్రద్ధ నిలపడం మెదడుకు చేతకాదు.

1983లో బ్రిటన్ మనస్తత్వవేత్త లిసాన్ బెయిన్‌బ్రిడ్జ్ ఇంకో మెట్టు ముందుకు వెళ్లింది. ఆమె దృష్టి ఫ్యాక్టరీలు, కంట్రోల్ రూమ్‌ల మీద. తేలికైన పనులన్నీ యంత్రానికి అప్పగించి, దానికి చేతకాని కష్టమైన ఘడియను మనిషికి వదిలేస్తున్నామని ఆమె రాసింది. రోజూ చేస్తుంటే చెయ్యి తిరిగేది. చేయడం మానేసిన మనిషి, పరిస్థితి బాగా చెడిన ఆ క్షణంలోనే అందరికంటే నేర్పుగా చేయాల్సి వస్తుంది. నలభై ఏళ్ల కిందటి ఈ మాట నేటి కార్లకు అతికినట్టు సరిపోతుంది.

గూగుల్‌కి ఇది అనుభవంలోనే తెలిసొచ్చింది. ఆ కంపెనీ 2013లో హైవే మీద తనంతట తాను నడిచే కార్లను ఉద్యోగులకిచ్చి వీడియోలు తీసింది. కారును గమనిస్తూ ఉండాలని ముందే చెప్పినా, గంటకు 90 కిలోమీటర్ల వేగం దాకా వెళ్తున్న కార్లలో కొందరు ఫోన్లు చూసుకున్నారు, ఒకరు మేకప్ వేసుకున్నారు, మరొకరు నిద్రపోయారు. సగం మనిషి, సగం యంత్రం అనే దారి వదిలేసి, డ్రైవర్ అక్కర్లేని కారు మీదే పనిచేయాలని అప్పుడు నిర్ణయించుకున్నారు. తర్వాత వేమోగా మారింది ఆ ప్రాజెక్టే.

మనిషి కాపలా, సాఫ్ట్‌వేర్ లోపం ఒకేచోట కలిస్తే ఏమవుతుందో 2018 మార్చి 18 రాత్రి అమెరికాలోని అరిజోనా రాష్ట్రం, టెంపీ నగరంలో తెలిసింది. ఉబర్ పరీక్షిస్తున్న కారు ఒకటి గంటకు సుమారు 70 కిలోమీటర్ల వేగంతో పోతోంది. ఒక మహిళ సైకిల్ నడిపించుకుంటూ రోడ్డు దాటుతోంది. అక్కడ జీబ్రా క్రాసింగ్ లేదు. అమెరికా జాతీయ రవాణా భద్రతా బోర్డు ఈ ఘటనను క్షణక్షణం విడదీసి చూసింది.

ఢీకొనడానికి 5.6 సెకన్ల ముందే కారు రాడార్ ఆమెను గుర్తించింది. అంటే మధ్యలో వంద మీటర్లకు పైగా దూరం ఉంది. సాఫ్ట్‌వేర్ ఆమెను మొదట వాహనం అనుకుంది, తర్వాత ఏదో తెలియని వస్తువు అనుకుంది, మళ్లీ వాహనం, ఆపైన సైకిల్. అభిప్రాయం మార్చుకున్న ప్రతిసారీ అప్పటిదాకా ఆమె ఎటు కదిలిందన్న లెక్కను పక్కన పడేసింది. లెక్క లేకపోతే ఈ ‘వస్తువు’ ఎటు వెళ్తుందో అంచనా కట్టలేదు. నిలబడి ఉన్నట్టు లెక్కేసుకుంది. క్రాసింగ్ లేనిచోట మనిషి రోడ్డు దాటవచ్చన్న ఊహే ఆ ప్రోగ్రామ్‌లో లేదు. చివరికి 1.2 సెకన్ల ముందు ఢీకొనడం ఖాయమని తేల్చుకుంది. అప్పుడైనా బ్రేకు పడలేదు. అనవసరంగా బ్రేకులు పడుతున్నాయని ఇంజినీర్లు ఒక సెకను ఆగి చూసే ఏర్పాటు పెట్టారు. ఆ సెకను అలాగే గడిచిపోయింది. ఆ కారు తయారుచేసిన వోల్వో కంపెనీ అందులో అమర్చిన సొంత ఎమర్జెన్సీ బ్రేకు వ్యవస్థ, ఉబర్ సాఫ్ట్‌వేర్ నడుపుతున్నప్పుడు పనిచేయకుండా ఆపేసి ఉంది. మిగిలింది స్టీరింగ్ ముందున్న మనిషి ఒక్కరే. ఆ ఆపరేటర్ ఫోన్‌లో టీవీ కార్యక్రమం చూస్తోంది. తలెత్తేసరికి సుమారు ఒక్క సెకను మిగిలింది. రోడ్డు దాటుతున్న మహిళ చనిపోయింది.

2023లో ఆ ఆపరేటర్ నేరం ఒప్పుకుంది, మూడేళ్ల ప్రొబేషన్ (జైలుకు పంపకుండా పర్యవేక్షణలో ఉంచే శిక్ష) పడింది. కంపెనీ మీద క్రిమినల్ కేసు పెట్టలేదు. ఆమె తప్పు లేదని నేను అనను. కానీ రాత్రిళ్లు అదే దారిలో చక్కర్లు కొట్టే కారులో ఒక్కదాన్నే కూర్చోబెట్టి, మెలకువగా ఉంటుందని నమ్మడం మాక్‌వర్త్ ఫలితాలు చదివినవాళ్లు చేసే పని కాదు. ఆ కంపెనీ అంతకుముందు కారుకు ఇద్దరిని పెట్టి, తర్వాత ఒకరికి తగ్గించింది కూడా.

అనవసరమైన బ్రేకు అన్నాను కదా, సొంత కారున్న డ్రైవర్లు ఎక్కువగా చెప్పుకునే కష్టం అదే. ఫాంటమ్ బ్రేకింగ్ అంటారు. ఖాళీ రోడ్డు మీద, ఎదురుగా ఏమీ లేకుండానే కారు గట్టిగా బ్రేకేస్తుంది. 2022 ఫిబ్రవరిలో అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ 354 ఫిర్యాదుల ఆధారంగా సుమారు 4.16 లక్షల టెస్లా కార్ల మీద విచారణ మొదలుపెట్టింది. ఇది విడిగా సరిచేసే లోపం కాదు. అనుమానం వచ్చిన ప్రతిసారీ ఆగే సాఫ్ట్‌వేర్ వెనక కారు గుద్దేలా చేస్తుంది. అనుమానాన్ని పట్టించుకోకుండా ముందుకెళ్లే సాఫ్ట్‌వేర్ టెంపీలోలా చేస్తుంది. గీత ఎక్కడ గీయాలన్నది ఇంజినీర్లు తేల్చుకోవాల్సిందే, ఎక్కడ గీసినా ఎవరో ఒకరికి నష్టమే.

దీనికి డ్రైవర్లు సొంతంగా ఒక ఉపాయం కనిపెట్టుకుంటారు. కారు ఉత్తినే నెమ్మదిస్తే వెంటనే తోయడానికి కాలు యాక్సిలరేటర్ మీద ఆనించి ఉంచుతారు. చాలా కార్లలో యాక్సిలరేటర్ నొక్కితే డ్రైవర్ మాటే చెల్లుతుంది, ఆటోమేటిక్ బ్రేకు వెనక్కి తగ్గుతుంది. పదిసార్లు ఉత్తుత్తి బ్రేకును కాలితో దాటించినవాడు, పదకొండోసారి నిజంగానే ఎవరో అడ్డొచ్చినా అలవాటు కొద్దీ అదే చేయవచ్చు. అబద్ధపు హెచ్చరికల నష్టం ఆ క్షణంతో పోదు, కాలికి అలవాటై ఉండిపోతుంది.

ఆగి ఉన్న వాహనాలది ఇంకో చిక్కు. కదిలే వస్తువులను రాడార్ చక్కగా పడుతుంది, దూరంతో పాటు వేగం కూడా చెబుతుంది. కానీ రోడ్డు పక్క స్తంభాలు, తల మీది బోర్డులు, వంతెనలు అన్నీ కదలనివే. వాటన్నిటికీ బ్రేకు వేస్తే కారు ముందుకు సాగదు కాబట్టి, పాత వ్యవస్థలు నిశ్చలంగా ఉన్నవాటిని చాలావరకు వడపోసి పక్కన పెట్టేవి. లేన్‌లో ఆగిన ఫైరింజన్ కూడా ఆ వడపోతలో పోవచ్చు. ఆగి ఉన్న అత్యవసర వాహనాలను టెస్లా కార్లు ఢీకొన్న ఘటనల మీద 2021 ఆగస్టులో విచారణ మొదలైంది. అది చివరికి 2023 డిసెంబర్‌లో 20 లక్షలకు పైగా కార్ల రీకాల్ దాకా వెళ్లింది. డ్రైవర్ శ్రద్ధగా ఉన్నాడో లేదో చూసే ఏర్పాటు చాలదన్నదే ఆ రీకాల్‌కి కారణం.

‘నేను వేల కిలోమీటర్లు తిరిగాను, ఒక్క గీత కూడా పడలేదు’ అనే మాట తరచూ వింటాం. నిజాయితీగానే చెబుతారు. కానీ లెక్క చూడండి. అమెరికాలో 2023లో ప్రతి 10 కోట్ల మైళ్లకు 1.26 మరణాలు నమోదయ్యాయి. అంటే దాదాపు 12.8 కోట్ల కిలోమీటర్లకు ఒకటి. ఏడాదికి 20 వేల కిలోమీటర్లు నడిపే మనిషి అంత దూరం తిరగాలంటే ఆరువేల ఏళ్లకు పైగా పడుతుంది. ఇన్ని పొరపాట్లు చేసే మనుషులే ఈ లెక్కలో ఉన్నారు. కాబట్టి ఒక కారు, ఒక డ్రైవర్, కొన్నేళ్ల అనుభవం ప్రాణాపాయం గురించి ఏమీ చెప్పలేవు. మనుషుల సగటు కంటే సాఫ్ట్‌వేర్ అధ్వానం కాదని రుజువు చేయడానికే, ఒక్క మరణం కూడా లేకుండా 27.5 కోట్ల మైళ్లు నడపాలని ర్యాండ్ అనే అమెరికా పరిశోధన సంస్థ 2016లో లెక్కగట్టింది. వంద కార్లు రాత్రీ పగలూ ఆగకుండా తిరిగినా 12 ఏళ్లు దాటుతుంది.

చప్పుడు లేకుండా ప్రాణాలు కాపాడుతున్న సాఫ్ట్‌వేర్ కూడా అవే కార్లలో ఉంది. ముందు కారును గుద్దబోతుంటే తనంతట తానే బ్రేకు వేసే వ్యవస్థ, వెనక నుంచి గుద్దుకునే ప్రమాదాలను సుమారు సగానికి తగ్గిస్తోందని అమెరికా బీమా సంస్థల పరిశోధన విభాగం ఐఐహెచ్‌ఎస్ తేల్చింది. డ్రైవింగ్ మనిషిదే, శ్రద్ధా మనిషిదే, చివరి క్షణంలో యంత్రం అడ్డుపడుతుంది. ఈ అమరిక నాకు సరైనదనిపిస్తుంది. కాపలా కాయడం అలుపెరగని యంత్రం పని. రెండో స్థాయి కార్లలో ఆ పాత్రలు తారుమారయ్యాయి. అదే ఐఐహెచ్‌ఎస్ 2024లో 14 రెండో స్థాయి వ్యవస్థలను పరీక్షిస్తే, డ్రైవర్ శ్రద్ధను కాపాడే విషయంలో 11 ‘పూర్’ అనిపించుకున్నాయి.

శ్రద్ధను కనిపెట్టడానికి మొదట్లో స్టీరింగ్ మీద చేతి బరువే ఆధారం. దాన్ని మోసం చేయడానికి జనం స్టీరింగ్‌కి బరువులు వేలాడదీశారు. కళ్లను చూసే కెమెరా అంతకంటే మేలు. జనరల్ మోటార్స్ 2017లోనే సూపర్ క్రూజ్ అనే తన రెండో స్థాయి వ్యవస్థలో అలాంటి ఇన్‌ఫ్రారెడ్ కెమెరా పెట్టింది. కారు తన కళ్లనే చూస్తోందంటే కొందరికి చిరాకు. ఆ చిరాకు పడటం మంచిదే అంటాను, ఆ కెమెరా వీడియో కారు దాటి బయటికి పోకూడదన్న షరతుతో.

రోజూ వాడేవాళ్లకు నేను చెప్పేవి కొన్నే. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చిందంటే స్టీరింగ్ ముందు కొత్త డ్రైవర్ కూర్చున్నట్టే లెక్క. నిన్నటిదాకా సాఫీగా తిరిగిన మలుపు దగ్గర రేపు తడబడవచ్చు. అప్‌డేట్ తర్వాత మొదటి కొన్నాళ్లు తెలిసిన దారిని కూడా తెలియనిదిగానే చూడాలి. రోడ్డు పనులు జరిగేచోట, ఎదురెండ కళ్లలో కొట్టేటప్పుడు, వానలో గీతలు చెరిగినట్టున్నప్పుడు సాఫ్ట్‌వేర్ ఆపేసి మీరే నడపండి. సందేహం వచ్చాక అందుకోవడం కాదు, సందేహం రాకముందే అందుకోవాలి. ఎందుకంటే గంటకు 100 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. ఫోన్ నుంచి కళ్లు పైకెత్తి, ఏం జరుగుతోందో అర్థం చేసుకుని, కాలు కదిపేసరికి రెండు మూడు సెకన్లు పడితే ఆ దూరం ఎంతో మీరే వేసుకోండి. జర్మనీలో 2021 చివర అనుమతి పొందిన మెర్సిడెస్ మూడో స్థాయి వ్యవస్థ (రోడ్డు మీద కన్నేయడం కూడా కారే చూసుకుని, అవసరమైతే డ్రైవర్‌ని పిలిచేది), స్టీరింగ్ తిరిగి అప్పగించేటప్పుడు డ్రైవర్‌కి 10 సెకన్లు ఇస్తుంది. రెండో స్థాయిలో అలాంటి గడువు ఏదీ లేదు.

డ్రైవర్ లేకపోయినంత మాత్రాన అన్నీ తీరిపోవు. 2023 అక్టోబర్ 2న శాన్‌ఫ్రాన్సిస్కోలో వేరే కారు గుద్దిన పాదచారి, క్రూజ్ అనే కంపెనీ నడిపే రోబో ట్యాక్సీ (డ్రైవర్ లేని ట్యాక్సీ) ముందు పడింది. ట్యాక్సీ ఆమెను ఢీకొని ఆగింది, తర్వాత రోడ్డు పక్కకు జరగాలనుకుని, ఆమె కింద ఉండగానే సుమారు ఆరు మీటర్లు కదిలింది. ఆ సంగతి అధికారులకు పూర్తిగా చెప్పనందుకు కంపెనీ అనుమతి పోగొట్టుకుంది.

ఆ దాపరికం నన్ను ఎక్కువగా బాధిస్తుంది. అమెరికాలో 2021 నుంచి, ప్రమాదానికి ముందు 30 సెకన్లలోపు రెండో స్థాయి సాఫ్ట్‌వేర్ పనిచేసి ఉంటే తీవ్రమైన ప్రమాదాలను కంపెనీలు ప్రభుత్వానికి చెప్పాలి. చివరి క్షణంలో సాఫ్ట్‌వేర్ ఆగిపోయినా లెక్కలోకి వస్తుంది కాబట్టి ఇది మంచి నిబంధన. కానీ ఆ సాఫ్ట్‌వేర్ మీద మొత్తం ఎన్ని కిలోమీటర్లు తిరిగారో, అందులో హైవే ఎంతో, ఊళ్లో రోడ్లు ఎన్నో, రాత్రి ఎంతో చెప్పాలని అందులో లేదు. ప్రమాదాల సంఖ్య తెలిసి, తిరిగిన దూరం తెలియకపోతే భాగహారం ఎలా చేస్తాం? సాఫీగా ఉండే హైవేల మీద తిరిగిన అంకెను అన్ని రోడ్ల సగటుతో పోల్చి ‘మనిషి కంటే ఎన్నో రెట్లు భద్రం’ అనే ప్రకటనలు ఈ ఖాళీలోనే పుడుతున్నాయి. రోడ్డు రకం, వేళ, వాతావరణం వారీగా కిలోమీటర్లు, డ్రైవర్లు స్టీరింగ్ అందుకున్న సందర్భాలు కంపెనీలు బయటపెట్టాలి. ఆ అంకెలు వాళ్ల సర్వర్లలో ఇప్పటికే ఉన్నాయి.