రైలు గేటు దగ్గర ఎర్ర దీపం

చిరంజీవి బుజ్జికి, చిన్నోడికి తాతయ్య ఆశీస్సులు.

రోహిణి కార్తె వెళ్ళిపోయింది కానీ ఎండ మాత్రం కదలడం లేదు. మీరు రైలెక్కిన మర్నాడే పెరట్లో మామిడిపళ్ళు పండాయి. మీ నాయనమ్మ ఒక్కో పండు కోస్తూ మిమ్మల్నే తలుచుకుంటోంది.

బుజ్జీ, నీకొక జవాబు బాకీ ఉన్నాను. ఆ రోజు బాబాయితో బజారుకు వెళ్ళి వస్తుంటే రైలు గేటు పడింది కదా. ఒక గూడ్సు బండి వెళ్ళినా ఇంకోదాని కోసం గేటు తీయలేదు. అంతలో బాబాయి మోటారు సైకిల్ మీటరులో, ఇంజన్ మరీ వేడెక్కిందని చెప్పే ఎర్ర దీపం వెలిగింది. ఇంటికి రాగానే నన్ను అడిగావు: “పరుగెత్తినంతసేపు బాగానే ఉండి, ఊరికే నిలబడితే వేడెక్కడమేమిటి తాతయ్యా? మనకైతే పరుగెత్తితేనే కదా వేడి?” భోజనం చేసి చెబుతానన్నాను. నిజానికి అప్పటికి నాకూ తెలియదు. మొన్న మెకానిక్ వచ్చి మన పెరట్లో వేపచెట్టు కింద ఆ బండికి ఫ్యాను బిగించాడు. పక్కన ముక్కాలిపీట వేసుకుని మూడు గంటలు చూశాను. ఇప్పుడు చెప్పగలను.

నా చిన్నప్పుడు మా నాన్న పొలం నుంచి వచ్చేసరికి అమ్మ గిన్నెలోంచి పొగలు కక్కే అన్నం తీసి కంచంలో పెట్టేది. పెట్టి ఊరుకోకుండా గరిటెతో కంచం నిండా పలచగా నెరిపేది. కుప్పగా ఉంటే గంటైనా చల్లారదు, పరిస్తే త్వరగా చల్లారుతుంది. అరుగు మీద గాలి ఉంటే అంతటితో సరి. గాలి లేని రోజున తాటాకు విసనకర్ర నా చేతికి వచ్చేది. “విసరరా” అనేది అమ్మ.

బండిలో ఇంజన్ అన్నం గిన్నె. దాని చుట్టూ తిరిగే కూలెంట్ అనే ద్రవం గరిటె, వేడిని మోసుకొస్తుంది. ముందు చక్రం వెనక జాలీలాగా కనబడే రేడియేటర్ కంచం. దాని సన్నటి గొట్టాల్లోనూ, వాటి మధ్య మడతలు పడ్డ రేకుల్లోనూ వేడి పలచగా పరుచుకుంటుంది. బండి గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే సెకనుకు 16 మీటర్లకు పైగా వేగంతో గాలి ఎదురొచ్చి ఆ జాలీలోకి దూరుతుంది. అదే అరుగు మీద గాలి. ఇక రైలు గేటు దగ్గర బండి ఆగింది. ఇంజన్ మాత్రం తిరుగుతూనే ఉంది, గిన్నె కింద మంట ఆరలేదు. గాలి ఆగిపోయింది. విసనకర్ర పట్టుకునే కుర్రాడు ఒకడు కావాలి. ఆ కుర్రాడే ఫ్యాను.

మీ బాబాయి కొన్న పాత బండిలో ఆ కుర్రాడు లేడు! దాని మోటారు ఎప్పుడో కాలిపోతే, బాబాయి కొనకముందే ఎవరో దాన్ని ఊడదీసి పారేశారట. ఊళ్ళో గాలికి తిరిగినంతకాలం ఎవరికీ తెలియలేదు.

“మరి కంచంలో అన్నం తినేస్తారు కదా, మళ్ళీ గిన్నెలోకి ఎలా పోతుంది?” అని చిన్నోడు అడుగుతాడు, నాకు తెలుసు. పోదురా. నా పోలిక అక్కడే కుంటింది. కూలెంట్ చల్లారగానే పంపు దాన్ని మళ్ళీ ఇంజన్‌లోకి తోస్తుంది. అది ఇంచుమించు లీటరు ఉంటుంది, అంతే. ఆ లీటరే రోజంతా తిరుగుతుంది.

మా బావి దగ్గర ఆయిల్ ఇంజన్‌కు ఆ ఇబ్బంది లేదు. పంపు తోడిన నీళ్ళలో కొంచెం సన్నటి గొట్టం గుండా ఇంజన్ చుట్టూ తిరిగి బయట కాలువలో పడేది. బావి నిండా నీళ్ళుంటే చల్లార్చుకోవడమెందుకు, వేడి నీళ్ళు వదిలేసి కొత్తవి తెచ్చుకోవచ్చు. ధనుర్మాసంలో తెల్లవారుజామున చలికి వణుకుతూ వెళ్ళి ఆ గొట్టం కింద తల పెట్టేవాళ్ళం. గోరువెచ్చగా, కాస్త డీజిల్ వాసనతో ఉండేవి. ఆ నీళ్ళ కోసం నేనూ మా తమ్ముడూ కొట్టుకున్నాం కూడా. ఇంటికి వెళ్ళాక ఇద్దరికీ పడ్డాయి, అది వేరే కథ. పాపం బండి బావిని వెంట తీసుకుపోలేదు కదా, ఉన్న లీటరునే చల్లార్చుకుంటూ బతకాలి.

ఇక బిగింపు. బాబాయి ప్లాస్టిక్ పట్టీలు తెచ్చి, జాలీ రేకుల మధ్య నుంచి దూర్చి ఫ్యాను కట్టేద్దామన్నాడు. మెకానిక్ ఒప్పుకోలేదు. బండి అదురుడుకు ఆ పట్టీ రంపంలాగా రాసుకుని నెలల్లో గొట్టానికి చిల్లు పెడుతుందట. అల్యూమినియం పట్టీలు వంచి, రేడియేటర్ చట్రానికే రబ్బరు వాషర్లు వేసి బిగించాడు. ఫ్యానుకూ సైలెన్సర్ గొట్టానికీ మధ్య రెండు వేళ్ళు పట్టేంత సందు ఉందో లేదో దూర్చి చూశాడు. బ్యాటరీ నుంచి వచ్చే వైరుకు ముందు ఫ్యూజు, తర్వాత రిలే పెట్టాడు. రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చి. రేడియేటర్ పక్కన వేలెడంత ఇత్తడి స్విచ్చి ఉంది. దానిలో రెండు లోహాల్ని అతికించిన చిన్న బిళ్ళ ఉంటుందట. వేడికి రెండూ సమానంగా సాగవు కాబట్టి 100 డిగ్రీల చుట్టుపక్కలకు రాగానే బిళ్ళ టక్కున వంగి కరెంటు కలుపుతుంది. చల్లారితే మళ్ళీ వెనక్కి వంగుతుంది. విసరమని చెప్పే అమ్మ అదే అన్నమాట.

అన్నీ అయ్యాక ఫ్యాను తిరిగింది. మేమిద్దరం చప్పట్లు కొట్టాం. మెకానిక్ నవ్వలేదు. “ఒక కాగితం ఇవ్వండి పెద్దాయనా” అన్నాడు. నువ్వు వదిలివెళ్ళిన లెక్కల పుస్తకంలో చివరి కాగితం చింపి ఇచ్చాను, ఏమీ అనుకోకు. దాన్ని రేడియేటర్ ముందు పట్టుకుంటే ఎగిరి తులసికోట దగ్గర పడింది. ఫ్యాను గాలిని ముందుకు ఊదుతోంది! అంటే బండి పోతున్నప్పుడు ఎదురుగా వచ్చే గాలితో కుస్తీ పడుతుంది. రెండు వైర్లూ తారుమారు చేశాడు. ఈసారి కాగితం జాలీకి చప్పున అతుక్కుంది, చేయి వదిలేసినా పడలేదు. రేడియేటర్ వెనక కూర్చున్న ఫ్యాను గాలిని లాగాలి, ఊదకూడదు. విసనకర్రేమో ఊదుతుంది. నా పోలిక రెండో కాలు కూడా విరిగింది. సరే, కాసేపు నడిచింది కదా, చాలు.

గేటు పడితే ఇంజన్ ఆపేయమని మీ బాబాయికి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఫ్యాను ఉంది కదా అని ఇప్పుడు అసలే ఆపడు. మీరు పెద్దయ్యాక అలా చేయకండి.

సుజుకీ వాళ్ళు 1971లో నీళ్ళతో చల్లబడే పెద్ద బండి ఒకటి తెచ్చారు, జీటీ 750 అని. అమెరికాలో దానికి ‘నీటి గేదె’ అని ముద్దుపేరు పెట్టారు. ఆ పేరు విన్నప్పటి నుంచి చెరువులో మునిగి ముక్కు మాత్రం బయటపెట్టే మన గేదె నాకు కొత్తగా కనబడుతోంది. దానికీ ఎండలో నిలబడడమే కష్టం. పెట్రోలులో వేడి అంతా చక్రానికి చేరదట, పావు వంతో ఇంకాస్తో చేరుతుంది. మిగిలిందంతా పొగలోనూ ఈ జాలీలోనూ గాలిలో కలిసిపోతుంది. అంత వేడిని అరచేతి వెడల్పు జాలీ ఎలా వదిలించుకుంటుందో, మూడు గంటలు కూర్చుని చూసినా నాకు ఆశ్చర్యం తీరలేదు.

మీ అపార్ట్‌మెంటు కింద ఇలాంటి బండి ఏదో ఒకటి ఉంటుంది. యజమానిని అడిగి, పొద్దున్నే అది చల్లగా ఉన్నప్పుడు టార్చిలైటు తీసుకుని వెళ్ళండి. రేడియేటర్ మూత మాత్రం ముట్టుకోవద్దు. వేడిగా ఉన్నప్పుడు తీస్తే కుక్కర్ మూత ఊడినట్టు మరిగే నీళ్ళు మీద పడతాయి. కూలెంట్ తియ్యగా ఉంటుంది కానీ విషం, చిన్నోడా, వేలు పెట్టి నాకకు.

జాలీకి వెనక వైపు వెలుగు వేసి ఫ్యాను రెక్కలు లెక్కపెట్టి నాకు రాయండి. మన బండికి ఏడని నేనంటున్నాను, ఐదేనని మీ బాబాయి అంటున్నాడు. వంగి చూడడానికి నా నడుము ఒప్పుకోవడం లేదు, చూడడానికి వాడికి తీరిక లేదు.

ఆశీస్సులతో,
తాతయ్య