ప్రభుత్వ ల్యాబుల్లో సైంటిస్ట్ జీతం: అపోహలు - వాస్తవాలు

నోటిఫికేషన్‌లో 'లెవెల్ 10, రూ.56,100 - 1,77,500' అని ఉంటుంది. దాన్ని చూసి కొందరు 'పీహెచ్‌డీ చేసి 56 వేలకా' అని దరఖాస్తే పెట్టరు. ఇంకొందరు చివరి అంకె చూసి ఆశపడి, మొదటి నెల జీతం పడ్డాక నీరుగారిపోతారు. ఇద్దరూ ఆ వాక్యాన్ని తప్పుగానే చదివారు.

ఇక్కడ రాస్తున్నది డీఆర్‌డీఓ (రక్షణ పరిశోధన సంస్థ), ఇస్రో, సీఎస్‌ఐఆర్ (శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి) లాంటి కేంద్ర ప్రభుత్వ ప్రయోగశాలల్లోని రెగ్యులర్ పోస్టుల గురించి. లెక్కలన్నీ 7వ వేతన సంఘం పే మ్యాట్రిక్స్ (లెవెల్ వారీ బేసిక్ జీతాల పట్టిక) మీద, 2025 జూలై నుంచి వర్తించిన 58 శాతం డీఏ (కరవు భత్యం)తో వేసినవి. డీఏ ఏటా జనవరిలో, జూలైలో మారుతుంది కాబట్టి అంకెలు కదులుతాయి. లెక్కవేసే పద్ధతి మాత్రం ఇదే.

అపోహ: బేసిక్ ఎంతో జీతం అంతే.

వాస్తవం: 56,100 అనేది లెవెల్ 10లో మొదటి గడి, 1,77,500 అదే లెవెల్‌లో చివరి గడి. డీఆర్‌డీఓ సైంటిస్ట్ 'బి', ఇస్రో సైంటిస్ట్/ఇంజినీర్ 'ఎస్‌సీ' ఈ మొదటి గడిలోనే చేరతారు. హైదరాబాద్‌లో చేరితే నెల లెక్క ఇలా ఉంటుంది: బేసిక్ 56,100, డీఏ 32,538, ఇంటి అద్దె భత్యం 30 శాతం చొప్పున 16,830, రవాణా భత్యం 7,200, దాని మీద డీఏ 4,176. మొత్తం రూ.1,16,844.

ఇందులో కోతలు: ఎన్‌పీఎస్ (జాతీయ పెన్షన్ పథకం)కు బేసిక్, డీఏల మీద 10 శాతం, అంటే 8,864. సీజీహెచ్‌ఎస్ (కేంద్ర ఉద్యోగుల వైద్య పథకం) 650, గ్రూప్ ఇన్సూరెన్స్ 120, వృత్తి పన్ను 200. 2025-26 కొత్త పన్ను విధానంలో వేరే ఆదాయం లేకపోతే నెలకు సుమారు 6,850 ఆదాయపు పన్ను. చేతికి వచ్చేది లక్షకు అటూ ఇటూ. ప్రభుత్వం తన వంతుగా ఎన్‌పీఎస్ ఖాతాలో వేసే 14 శాతం, అంటే నెలకు 12,409, చేతికొచ్చే ఈ లెక్కలో కనిపించదు. ప్రైవేటు కంపెనీ సీటీసీ (ఉద్యోగి మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు)తో పోల్చేవాళ్లు దాన్నీ కలుపుకొని పోల్చాలి. లేకపోతే పోలిక మొదట్లోనే తప్పుతుంది.

అపోహ: ఏ ల్యాబ్‌లో చేరినా, ఏ ఊళ్లో ఉన్నా జీతం ఒకటే.

వాస్తవం: ఊరు మారితే జీతం మారుతుంది. అదే సైంటిస్ట్ 'బి' విశాఖపట్నంలోని డీఆర్‌డీఓ ల్యాబ్ ఎన్‌ఎస్‌టీఎల్‌లో చేరాడనుకోండి. విశాఖ 'వై' తరగతి నగరం, అద్దె భత్యం 20 శాతమే. ఎక్కువ రవాణా భత్యం వర్తించే 19 నగరాల జాబితాలో విశాఖ లేదు కాబట్టి 7,200 బదులు 3,600. మొత్తం రూ.1,05,546కు దిగుతుంది. ఒకే హోదా, ఒకే పని, నెలకు 11,298 తేడా. విశాఖలో ఇంటి అద్దె ఎంత తక్కువకు దొరుకుతుందో చూసుకున్నాకే ఇది నష్టమో కాదో చెప్పగలం.

క్వార్టర్స్ తీసుకుంటే అద్దె భత్యం మొత్తం ఆగిపోతుంది, పైగా లైసెన్సు ఫీజు కోస్తారు. ఆఫీసు బస్సు సౌకర్యం వాడుకుంటే రవాణా భత్యం రాదు. ఒక క్యాలెండర్ నెల పూర్తిగా సెలవులో ఉన్నా ఆ నెలకు అది రాదు. జీతం స్లిప్పులో పదకొండు వేలు తగ్గాయని కంగారుపడేవాళ్లలో చాలామందికి కారణం ఇదే.

సంస్థను బట్టి మొదలయ్యే మెట్టూ మారుతుంది. సీఎస్‌ఐఆర్‌లో 'సైంటిస్ట్' పోస్టే లెవెల్ 11, బేసిక్ 67,700. హైదరాబాద్‌లో మొత్తం రూ.1,38,652 అవుతుంది. వ్యవసాయ పరిశోధన మండలి ఐసీఏఆర్‌లో యూజీసీ తరహా (విశ్వవిద్యాలయ అధ్యాపకుల) స్కేలు, మొదలు 57,700.

అపోహ: పీహెచ్‌డీ ఉంటే అదనపు ఇంక్రిమెంట్లు వస్తాయి.

వాస్తవం: పీహెచ్‌డీ పెద్ద మెట్టు మీద చేరడానికి పనికొస్తుంది. సీఎస్‌ఐఆర్‌లో లెవెల్ 11 దక్కేది ఎక్కువగా దానివల్లే. లెవెల్ 10 పోస్టులో పీహెచ్‌డీతో చేరినా, బీటెక్‌తో చేరినా బేసిక్ ఒకటే. ఉద్యోగంలో చేరాక పీహెచ్‌డీ పూర్తిచేస్తే 2019 మార్చి ఆదేశం ప్రకారం ఒక్కసారి ఇచ్చే ప్రోత్సాహకం రూ.30,000, అంతే. ఆ పోస్టుకు అవసరమైన లేదా వాంఛనీయమైన అర్హతగా పీహెచ్‌డీని ముందే పేర్కొని ఉంటే అదీ రాదు.

అపోహ: ఆఫర్ వచ్చాక జీతం మాట్లాడుకోవచ్చు.

వాస్తవం: పే మ్యాట్రిక్స్‌లో బేరానికి చోటు లేదు. కొన్ని నోటిఫికేషన్లలో ఎంపిక కమిటీ ముందస్తు ఇంక్రిమెంట్లు సిఫారసు చేయవచ్చని ఉంటుంది. అలా ఉంటే ఇంటర్వ్యూలోనే అడగాలి, అనుభవానికి సంబంధించిన పత్రాలు అప్పుడే చూపాలి. కమిటీ మినిట్స్‌లోకి ఎక్కని మాటను చేరాక ఎవరూ పట్టించుకోరు.

ఇప్పటికే మరో కేంద్ర సంస్థలో ఉన్నవాళ్లకు పే ప్రొటెక్షన్ (పాత బేసిక్ తగ్గకుండా కాపాడే నియమం) ఉంది, కానీ దారి తప్పితే పోతుంది. దరఖాస్తు ప్రాపర్ ఛానెల్‌లో (పాత ఆఫీసు ద్వారా) వెళ్లాలి, లేదా దరఖాస్తు చేసిన విషయం పాత ఆఫీసుకు సకాలంలో తెలిపి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకోవాలి. రాజీనామా లేఖలో ఏ పోస్టులో చేరడానికి రాజీనామా చేస్తున్నారో రాసి, దాన్ని టెక్నికల్ రిజిగ్నేషన్‌గా (పాత సర్వీసు తెగిపోని రాజీనామాగా) ఆమోదించమని కోరాలి. రిలీవింగ్ ఆర్డర్‌లో ఆ మాట ఉందో లేదో గేటు దాటకముందే చూసుకోవాలి. మామూలు రాజీనామాగా నమోదైతే పాత సర్వీసూ, నిల్వ ఉన్న సెలవులూ పోతాయి. ప్రైవేటు కంపెనీ జీతానికి ఈ రక్షణ లేదు.

చేరే తేదీ విషయంలో మాత్రం కొంత చేతిలో ఉంటుంది. జనవరి 2 నుంచి జూలై 1 లోపు చేరినవారికి మొదటి ఇంక్రిమెంట్ వచ్చే జనవరి 1న. జూలై 2న చేరితే మరుసటి ఏడాది జూలై 1 దాకా ఆగాలి. ఒక్కరోజు ఆలస్యం ఆరు నెలలు వెనక్కి నెడుతుంది. జూన్ నెలాఖరులో ఆర్డర్ అందుకున్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకుని టికెట్ కొనుక్కోవాలి.

అపోహ: ప్రమోషన్ వస్తేనే జీతం బాగా పెరుగుతుంది, ప్రతి ప్రమోషన్ ఒక గెంతు.

వాస్తవం: అసలు లెక్క ఇక్కడుంది. సైంటిస్టులకు ఖాళీలతో సంబంధం లేకుండా ఫ్లెక్సిబుల్ కాంప్లిమెంటింగ్ స్కీమ్ కింద ప్రమోషన్లు ఇస్తారు. కనీస సర్వీసు 'బి' (లెవెల్ 10) నుంచి 'సి' (లెవెల్ 11)కి 3 ఏళ్లు, 'సి' నుంచి 'డి' (లెవెల్ 12)కి 4, 'డి' నుంచి 'ఇ' (లెవెల్ 13)కి 4, ఆపైన 'ఎఫ్'కు 5. ప్రమోషన్‌లో మొదట పాత లెవెల్‌లో ఒక ఇంక్రిమెంట్ కలుపుతారు, తర్వాత కొత్త లెవెల్‌లో దానికి సమానమైన లేదా ఆపై గడిలో కూర్చోబెడతారు. ఏడాదికో ఇంక్రిమెంట్ చొప్పున వేసి చూడండి.

మూడేళ్లకు 56,100 కాస్తా 61,300 అవుతుంది. ప్రమోషన్‌తో 67,700. పెరిగింది 6,400. లెవెల్ 11లో నాలుగేళ్లకు 76,200. ప్రమోషన్‌తో లెవెల్ 12లో 78,800. పెరిగింది 2,600 మాత్రమే. ప్రమోషన్ లేకుండా మామూలు ఇంక్రిమెంట్ వచ్చినా 78,500 అయ్యేది! నిజంగా దక్కిన అదనం రూ.300. ఇక లెవెల్ 12లో నాలుగేళ్లకు 88,700. అక్కడి నుంచి లెవెల్ 13కు వెళ్తే నేరుగా 1,23,100. బేసిక్ ఒక్కదెబ్బకు 34,400 పెరుగుతుంది. హైదరాబాద్‌లో డీఏ, అద్దె భత్యం కలిపితే నెలకు 64,672.

అందుకే మొదటి జీతం చూసి ఉద్యోగాన్ని అంచనా వేయకూడదు. లెవెల్ 13కు ఎన్నేళ్లలో చేరతారన్నదే చూడాలి. గడువుకు అందుకుంటే 11 ఏళ్లు. లెవెల్ 11లో చేరినవారికి మొదటి మెట్టుకు పట్టే మూడేళ్లు ఆదా అవుతాయి. 'డి' నుంచి 'ఇ' ఒక్క ఏడాది ఆలస్యమైతే దాదాపు ఏడెనిమిది లక్షలు పోయినట్టే. 'సి' నుంచి 'డి' ఆలస్యమైతే ఆ నెల జీతంలో పెద్దగా తెలియదు, కానీ తర్వాతి ప్రమోషన్‌కు కావాల్సిన సర్వీసు లెక్క అంతే ఆలస్యంగా మొదలవుతుంది. నష్టం నాలుగేళ్ల తర్వాత బయటపడుతుంది.

కనీస సర్వీసు నిండగానే ప్రమోషన్ దానంతటదే రాదు. ముందు ఏపీఏఆర్ (ఏటా రాసే పనితీరు నివేదిక) గ్రేడింగులతో వడపోత, తర్వాత ఇంటర్వ్యూ. జట్టుగా చేసిన ప్రాజెక్టులో తన వాటా ఏమిటో చెప్పలేకపోవడమే ఎక్కువమందిని దెబ్బతీస్తుంది. 'పరీక్షల్లో పాల్గొన్నాను' అన్న వాక్యానికి విలువ లేదు. ఏ ఉపవ్యవస్థ, ఏ పరీక్ష, ఏ సమస్య, తాను మార్చింది ఏమిటి, దాంతో వచ్చిన ఫలితం ఎంత, ఇవన్నీ ఏ ఏడాదికా ఏడాది స్వీయ మదింపులో అంకెలతో ఉండాలి. నాలుగేళ్ల తర్వాత గుర్తుచేసుకుని రాస్తే ఇంటర్వ్యూ బోర్డుకు వెంటనే తెలిసిపోతుంది.

అపోహ: కొత్త వేతన సంఘం ఫిట్‌మెంట్ (పాత బేసిక్‌ను హెచ్చించే అంకె) రెండున్నర అంటే జీతం రెండున్నర రెట్లు.

వాస్తవం: 2016 జనవరి 1 నాటికి డీఏ 125 శాతం ఉంది. అంటే పాత బేసిక్‌కు 2.25 రెట్లు అప్పటికే చేతికి వస్తోంది. 2.57తో హెచ్చించి డీఏను సున్నా చేశారు. నిజంగా పెరిగింది సుమారు 14 శాతం. 8వ వేతన సంఘం గురించి ఏ అంకె విన్నా ముందు దాన్ని అప్పటి డీఏ కలిపిన రెట్లతో (డీఏ 125 శాతమైతే 2.25తో) భాగించండి.

అపోహ: ల్యాబ్‌లో ప్రాజెక్టు పోస్టు అంటే సైంటిస్ట్ ఉద్యోగమే.

వాస్తవం: కాదు. 2023 జనవరి నుంచి నెలకు జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలో) 37,000, ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలో) 42,000, రీసెర్చ్ అసోసియేట్ 58,000 నుంచి 67,000. వీటి మీద అద్దె భత్యం వస్తుంది, డీఏ రాదు. ప్రాజెక్టు ముగిస్తే పోస్టూ ముగుస్తుంది. ఆ కాలం రెగ్యులర్ సర్వీసులో కలవదు, పే ప్రొటెక్షన్‌కూ పనికిరాదు. అనుభవంగా మాత్రం పనికొస్తుంది కాబట్టి తేదీలు, పని వివరాలు ఉన్న ధ్రువపత్రం వెళ్లేముందే తీసుకోవాలి.

అపోహ: 2004 తర్వాత చేరినవాళ్లకు పెన్షన్ మీద ఏ హామీ లేదు.

వాస్తవం: 2025 ఏప్రిల్ 1 నుంచి యూపీఎస్ (ఏకీకృత పెన్షన్ పథకం) ఉంది. 25 ఏళ్ల సర్వీసు ఉంటే చివరి 12 నెలల సగటు బేసిక్‌లో సగం పెన్షన్‌గా వస్తుంది. అంతకంటే తక్కువుంటే దామాషాలో తగ్గుతుంది. కనీసం పదేళ్లు నిండినవారికి నెలకు రూ.10,000 తగ్గదు. పీహెచ్‌డీ, పోస్ట్‌డాక్ చేసి 36 ఏళ్లు దాటాక చేరేవాళ్లకు 60 నాటికి 25 ఏళ్లు నిండవు. వాళ్లు ఎన్‌పీఎస్‌తో పక్కపక్కన లెక్కవేసి చూడాలి. కొత్తగా చేరినవారు యూపీఎస్ కోరుకోవడానికి గడువు 30 రోజులే, ఏమీ రాసివ్వకపోతే ఎన్‌పీఎస్‌లోనే ఉంటారు. స్వయంప్రతిపత్తి సంస్థల్లో చేరేవారు తమకు ఏ పథకం వర్తిస్తుందో నియామక పత్రంలో చూసుకుని, స్పష్టంగా లేకపోతే చేరిన వారంలోనే పరిపాలన విభాగాన్ని రాతపూర్వకంగా అడగాలి.