మూడు సువార్తల్లో ఒకే మాటలు ఎందుకున్నాయి? అపోహలు - వాస్తవాలు

బైబిల్ కాలేజీలో కొత్త నిబంధన బోధిస్తాను. మొదటి ఏడాది విద్యార్థులకు మత్తయి, మార్కు, లూకా సువార్తల్లోని ఒకే సంఘటనను పక్కపక్కన మూడు వరుసల్లో అచ్చువేసి ఇస్తాను. మూడింటిలోనూ ఉన్న మాటల కింద ఎర్రగీత గీయమంటాను. కాసేపటికే కాగితం నిండా ఎర్రగీతలు. కొందరి ముఖాల్లో టెన్షన్ అప్పుడే మొదలవుతుంది.

అపోహ: మత్తయి, మార్కు, లూకా, యోహాను అనే నలుగురు సువార్త రచయితలూ ఒకరి రాత ఒకరు చూడకుండా రాశారు.

వాస్తవం: యోహాను దారి చాలావరకు వేరు. మిగతా మూడింటికి మాత్రం రాతలోనే చుట్టరికం ఉంది. మార్కు 13:14లో యేసు మాటల మధ్యలో "చదువువాడు గ్రహించుగాక" అని వస్తుంది. మత్తయి 24:15లోనూ సరిగ్గా అక్కడే అదే మాట. కొండమీద కూర్చుని వింటున్న శిష్యులకు "చదువువాడు" అని ఎందుకు చెబుతారు? అది రచయిత తన పాఠకుడికి చెప్పిన మాట అని చాలామంది పండితులు అంటారు, నేనూ అదే బోధిస్తాను. ఇద్దరు సాక్షులు విడివిడిగా చెప్పినా సంఘటన కలవచ్చు. మధ్యలో ఆగి చెప్పిన ఇలాంటి మాట కూడా కలిసిందంటే ఒకరి రాత ఇంకొకరి ముందు ఉండాలి.

మార్కులోని సుమారు 660 వచనాల్లో దాదాపు 600 వచనాల విషయం మత్తయిలో ఉంది, సగానికి పైగా లూకాలో ఉంది. అందుకే మార్కే ముందు రాసిందని ఎక్కువమంది ఒప్పుకుంటారు.

అపోహ: అయితే అది కాపీ, నమ్మలేం.

వాస్తవం: లూకా మొదటి నాలుగు వచనాలు చదవండి. తనకంటే ముందు అనేకులు రాయడానికి పూనుకున్నారని ఆయనే చెప్పాడు. పక్షవాయువు గలవాణ్ణి ఇంటి కప్పులోంచి యేసు ముందుకు దించిన కథ చూడండి. మార్కు గ్రీకు మూలంలో కప్పును తవ్వారు, అంటే మట్టి కప్పు. లూకాలో పెంకులు విప్పారు. తన పాఠకులకు తెలిసిన ఇంటినే లూకా చూపించాడని నా అభిప్రాయం. ఈ వచనం దగ్గర నేను ప్రతి ఏడాదీ ఆగుతాను.

అపోహ: మత్తయి, లూకాలకు మూలమైన 'క్యూ' అనే గ్రంథం దొరికితే చర్చి దాచేసింది.

వాస్తవం: క్యూ రాతప్రతి ఒక్కటి కూడా ఇంతవరకు దొరకలేదు. మార్కులో లేకుండా మత్తయి, లూకాల్లో మాత్రమే కలిసే వచనాలు 230 దాకా ఉన్నాయి. "సర్పసంతానమా" అంటూ బాప్తిస్మమిచ్చు యోహాను గద్దించిన మాటలు గ్రీకులో దాదాపు అక్షరం పొల్లుపోకుండా ఒకటే. వీటికి ఉమ్మడి మూలం ఉండాలని జర్మన్ పండితులు ఊహించారు. 'క్వెల్లె' అంటే జర్మన్‌లో మూలం, దాని మొదటి అక్షరమే క్యూ. లూకా మత్తయినే చదివి ఉంటే క్యూ అక్కర్లేదని 1955లో ఇంగ్లండ్ పండితుడు ఆస్టిన్ ఫారర్ వాదించారు. ఆ చర్చ ఇంకా తెగలేదు. 1945లో ఈజిప్టులోని నాగ్ హమ్మాది దగ్గర బయటపడిన తోమా సువార్త వేరు, అది క్యూ కాదు. అందులో యేసు చెప్పినవిగా 114 సూక్తులున్నాయి.

అపోహ: నాలుగు సువార్తలను క్రీ.శ. 325లో నికయ నగరంలో జరిగిన బిషప్పుల సభ ఎంపిక చేసింది.

వాస్తవం: ఆ సభలో ప్రధాన వివాదం, క్రీస్తు తండ్రితో సమానుడు కాడని చెప్పిన అరియస్ అనే పాదిరి బోధ గురించి. సువార్తలు నాలుగే అని లియోన్ బిషప్ ఇరేనియస్ క్రీ.శ. 180 ప్రాంతంలోనే రాశాడు.