వరద భయానికి నిద్రమాత్ర: అపోహలు, వాస్తవాలు

నవంబర్‌లో రెండు రోజులు ముసురు పట్టిందంటే తిరుపతిలో మా ఓపీకి వచ్చేవాళ్ల మాట మారిపోతుంది. "మేడమ్, వాన చప్పుడు వింటే చాలు, గుండె దడదడమంటుంది. రాత్రంతా కన్ను మూతపడదు." ఆ వెంటనే చాలామంది సంచిలోంచి ఒక స్ట్రిప్ తీస్తారు. సగం వాడేసిన అల్‌ప్రాజొలం, అంటే భయానికీ నిద్రకీ ఇచ్చే మత్తు మాత్ర. ఎవరు రాశారని అడిగితే డాక్టర్ పేరు రాదు. బావమరిది తెచ్చిచ్చాడు, పక్కింటావిడ తనవి రెండు ఇచ్చింది, షాపులో అడిగితే ఇచ్చేశారు. మందులు రాసేది మా సైకియాట్రిస్ట్, నేను కౌన్సెలింగ్ చేస్తాను. కానీ ఆ స్ట్రిప్ వల్ల జరిగే నష్టం ముందు నా కుర్చీ ఎదుటే బయటపడుతుంది.

అపోహ: "బెదిరిపోయారు. నాలుగు రోజులు నిద్రమాత్ర వేసి పడుకోబెడితే సర్దుకుంటారు."

వాస్తవం: విపత్తు జరిగిన మొదటి నెలలో భయానికైనా, నిద్ర పట్టకపోవడానికైనా ఈ రకం మాత్రలు ఇవ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే చెప్పింది. ఉలిక్కిపడటం, నీళ్లు కళ్లముందు మెదలడం, తెల్లవారుజామున మెలకువ రావడం, ఇవన్నీ ఆ రోజుల్లో జబ్బు లక్షణాలు కావు. ప్రమాదం పోయిందని ఒంటికి ఇంకా నమ్మకం కుదరలేదు, అంతే. అయినవాళ్లు పక్కన ఉండి, వేళకు తిండి దొరికి, ఇల్లు ఒక కొలిక్కి వస్తే చాలామందిలో వారాల్లోనే తగ్గుతుంది. మాత్ర ఆ భయాన్ని తీయదు, మత్తులో కప్పుతుంది. కొన్ని వారాలకు అర మాత్ర పని చేయదు, ఒకటి కావాలి, తర్వాత రెండు. మానితే నిద్ర ఇంకా చెడుతుంది. "చూశారా, భయం తగ్గలేదు" అని మళ్లీ మొదలుపెడతారు.

2021 నవంబర్ వానలు ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్టకు లీకేజీ పడి, కింది ఊళ్లను ఖాళీ చేయించారు. చెరువు తెగలేదు. తెగిందన్న మాట మాత్రం ఫోన్లలో ఊరూరా తిరిగింది. ఆ వైపు నుంచి వచ్చిన ఒకామె ఇంటికి తిరిగి వెళ్లాక కూడా వాన పడిన ప్రతి రాత్రీ రేషన్ కార్డు, పాస్‌బుక్ ఉన్న సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. చూడలేక తమ్ముడు మాత్రలు తెచ్చాడు. ప్రేమతోనే తెచ్చాడు, అతన్ని నేను ఒక్క మాట కూడా అనలేదు. ఆరు నెలల తర్వాత ఒక పెళ్లికి వెళ్లి మాత్రలు మర్చిపోయింది. మూడో రోజుకు చేతులు వణికాయి, ఒళ్లంతా చెమట, ఆపైన ఫిట్స్. ఇంట్లోవాళ్లు గాలి సోకిందనుకున్నారు. అది మాత్ర ఒక్కసారిగా ఆపినందుకు వచ్చింది. మోతాదు కొంచెం కొంచెంగా తగ్గించి పూర్తిగా మాన్పించేసరికి మరో సంవత్సరాది వచ్చింది. ఆమె భయం గురించి మేం అసలు మాట్లాడగలిగింది ఆ తర్వాతే.

అల్‌ప్రాజొలం షెడ్యూల్ హెచ్1 మందు. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినప్పుడు రిజిస్టర్‌లో రాయాలి. "చిన్న మాత్రే కదా" అనే షాపువాళ్లతో నాకు ఓపిక చాలదు.

ఇంకో వైపు కూడా చెప్పాలి. ముందునుంచీ డిప్రెషన్‌కో, ఫిట్స్‌కో, స్కిజోఫ్రీనియాకో మందులు వాడేవాళ్లు వరదలో అవి పోగొట్టుకుంటే ఒక్క రోజు కూడా ఆగకుండా తెచ్చుకోవాలి. శిబిరంలో అన్నం పొట్లం ఎంత ముఖ్యమో అదీ అంతే.

మిగతా అపోహలు గబగబా చెబుతాను. "జరిగిందంతా చెప్పిస్తే మనసు తేలికవుతుంది": చెప్పాలనుకుంటే వినండి, బలవంతంగా అడగొద్దు. "పిల్లలకేం తెలుసు": పక్క తడపడం, అమ్మ కొంగు వదలకపోవడం వాళ్ల భాష. కొట్టకండి, బడి తెరిస్తే పంపండి. "తాయెత్తు కట్టించాం, చాలు": కట్టించుకోండి, ఓపీకి కూడా రండి. "మద్యం తాగితే నిద్ర పడుతుంది": పైన మాత్రకు చెప్పిందే దీనికీ, ఇంకా ఎక్కువగా. రెండూ కలిపితే ప్రాణమే పోవచ్చు.

భయానికి సరైన సమాచారం ఎంత పని చేస్తుందో తిరుపతి శ్రీకృష్ణానగర్‌లో చూశాను. ఆ వానలప్పుడే అక్కడ ఒక ఇంట్లో సంపు భూమిలోంచి పైకి లేచింది. ఊరు కుంగిపోతుందని పుకారు. భూగర్భ జలం పెరిగి ఖాళీ తొట్టిని పైకి నెట్టిందని, బావిలో ఖాళీ బిందె తేలినట్టే అని వివరించాక, నా దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన ఆ రాత్రే పడుకున్నాడు.

నెల దాటినా తగ్గకపోయినా, పనికి వెళ్లలేకపోతున్నా రుయా ఆసుపత్రి సైకియాట్రీ ఓపీకి రండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. చనిపోవాలన్న మాట నోట వస్తే నెల ఆగొద్దు, అదే రోజు తీసుకురండి, ఒంటరిగా వదలొద్దు.

ఇప్పటికే కొన్ని నెలలుగా ఆ మాత్ర వేసుకుంటున్నవాళ్లు ఇది చదివి ఈ రాత్రి ఆపేయకండి. ఎప్పటిలాగే వేసుకుని, ఖాళీ స్ట్రిప్‌ను సంచిలో పెట్టుకుని రేపు ఓపీకి రండి. అక్కడ మిమ్మల్ని ఎవరూ తిట్టరు.