బొమ్మల కోసం తీసిన కార్టూన్లు: అపోహలు - వాస్తవాలు

పిల్లల యానిమేషన్ సిరీస్‌లకు స్క్రిప్టులు రాయడం నా వృత్తి. 'బొమ్మలు అమ్ముకోవడానికి తీసినవేగా' అని కొట్టిపారేసే మాట తరచూ వింటుంటాను. అమ్ముకోవడానికి తీసిన మాట నిజమే. దాని మీద కట్టిన అభిప్రాయాలే చాలావరకు తప్పు.

అపోహ: బొమ్మ ముందే ఉంటుంది కాబట్టి స్టూడియోలో సృష్టించేదేమీ ఉండదు.

మాటెల్ కంపెనీ హీ-మ్యాన్ బొమ్మలు 1982లో వచ్చాయి, ఫిల్మేషన్ స్టూడియో తీసిన సిరీస్ 1983లో మొదలైంది. వీరుడు, విలన్, కోట అన్నీ బొమ్మల పెట్టెలోంచి వచ్చినవే. కానీ మంత్రాలు తడబడే చిట్టి ఓర్కో స్టూడియోలో పుట్టాడు, అతని బొమ్మ తర్వాత వచ్చింది. మొదట అనుకున్న పేరు గోర్పో. పేరులోని మొదటి ఇంగ్లిష్ అక్షరం అతని అంగీ మీద ఉంటుంది. ఎడమకు వెళ్తున్నట్టు ఒకసారి గీసిన కదలికను తిప్పేసి కుడివైపుకూ వాడుకోవడం అక్కడి పద్ధతి. 'జి' అయితే అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది, 'ఓ' అయితే ఎటు తిప్పినా ఓనే. అందుకని పేరే మార్చేశారు. వారానికి ఐదు రోజుల చొప్పున పదమూడు వారాలకు సరిపడా సీజన్‌కు 65 ఎపిసోడ్లు, రెండు సీజన్లకు 130. అంత పరుగులోనూ అంగీ మీది అక్షరం దాకా ఆలోచించారు. అలాంటి పనంటే నాకు గౌరవం.

అపోహ: వీటికి చట్టపరంగా అడ్డూ అదుపూ లేదు.

అమెరికాలో 1980ల్లో నిబంధనలు సడలించాక ఇవి వెల్లువెత్తాయి. పిల్లల టీవీ బాగుండాలని ఉద్యమించిన పెగ్గీ చారెన్ లాంటివాళ్లు ఏళ్ల తరబడి పోరాడాక 1990లో పిల్లల టెలివిజన్ చట్టం వచ్చింది. ప్రకటనలు గంటకు వారాంతాల్లో పదిన్నర నిమిషాలు, మిగతా రోజుల్లో 12 నిమిషాలు దాటకూడదు. ఏ బొమ్మ మీద సిరీస్ తీశారో ఆ బొమ్మ ప్రకటనను అదే సిరీస్ మధ్యలో వేయకూడదు. సిరీస్ తీయడం మాత్రం నిషేధం కాదు.

అపోహ: బొమ్మలు అమ్ముడుపోలేదంటే కథ బాగోలేదనే అర్థం.

జపాన్‌లో 1979 నాటి రోబో సిరీస్ గండమ్ సంగతి చూడండి. స్పాన్సర్ క్లోవర్ బొమ్మలు చిన్నపిల్లల కోసం చేసినవి, కథేమో యుద్ధంలో నలిగే మనుషులది. 52 ఎపిసోడ్లు అనుకున్నది 43తో ముగించారు. ఆ తర్వాత పునఃప్రసారాలు, 1980లో బందాయ్ తెచ్చిన ప్లాస్టిక్ మోడల్ కిట్లు ఊపందుకున్నాయి. కథ మొదటి నుంచీ అదే. దానికి తగిన బొమ్మే ఆలస్యంగా వచ్చింది.

అపోహ: ఎవరు బతకాలో, ఎవరు చావాలో కథే తేలుస్తుంది.

వ్యాపారం నిజంగా కాటు వేసేది ఇక్కడే. 1986 ట్రాన్స్‌ఫార్మర్స్ సినిమాలో మంచి రోబోల నాయకుడు ఆప్టిమస్ ప్రైమ్ చనిపోయాడు. పాత బొమ్మల వరుసను తప్పించి కొత్తదానికి చోటు చేయాలన్నది బొమ్మల కంపెనీ హాస్బ్రో లెక్క. పిల్లలకు అతను అమ్మకం ఆగిపోయిన సరుకు కాదు, రోజూ తమను కాపాడే పెద్దదిక్కు. థియేటర్లలో ఏడ్చారు, తల్లిదండ్రులు నిరసన తెలిపారు. 1987లో టీవీ సిరీస్‌లో అతన్ని తిరిగి బతికించారు. అదే కంపెనీకి చెందిన జి.ఐ. జో సినిమాలో సైనిక వీరుడు డ్యూక్ కూడా చనిపోవాలి. గీసిన దృశ్యాల్లో మార్పేమీ చేయకుండా, కోమాలోకి వెళ్లాడని ఒక డైలాగు, చివర్లో కోలుకున్నాడని మరో డైలాగు చేర్చి అతన్ని గట్టెక్కించారు.